ఇంట్లో పాడకూడని పాట

"నోరు అదుపులో పెట్టుకోని దానికి గొంతు నొప్పి రాక కాళ్ళ నొప్పి వస్తుందా?" అంది ఒచ్చమ్మ, రోట్లో దుంపరాష్ట్రం దంచుతున్న కోడలి వంక చూడకుండానే. ఆవిడకి చూడాల్సిన పని లేదు, దంచే చప్పుడు వింటే చాలు వేరు ఎంత నలిగిందో చెప్పేస్తుంది. "అంత మెత్తగా కొట్టకే. ముక్క బుగ్గన పెట్టుకుంటే రసం మెల్లగా దిగాలి. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

ఇరుళాయి రోకలి ఎత్తి మెల్లగా వేసింది. నోరు తెరిస్తే గాలి వస్తోంది తప్ప మాట రావడం లేదు. ఉమ్మి మింగితే చేపముల్లు అడ్డం పడ్డట్టుంది. అయినా పొద్దున్నే లేచి వాకిలి ఊడ్చి ముగ్గేసింది, మేకలకి ఆకు వేసింది, సంగటి కెలికి ముద్దలు చేసింది, మొగుడి తెల్లచొక్కా ఉతికి ఆరేసింది, ఇప్పుడు తన మందు తనే దంచుకుంటోంది. ఆ ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా మందు నూరేది ఇరుళాయే. జబ్బు ఇరుళాయికే చేసినా ఆ లెక్క మారలేదు.

వీధిలో తలా ఒక కారణం చెప్పారు. "శవాన్ని ఉంచే ఐస్ పెట్టె పక్కనే కూర్చుని గంటలు గంటలు పాడతావు కదమ్మా, ఆ చలి లాగేసుంటుంది" అంది ఎదురింటి పొన్నుత్తాయి. టీకొట్టు ముసలమ్మ, "చావింట్లో పోసే కలర్ సోడాలు తాగొద్దే అంటే విన్నావా? చన్నీళ్ళు, దుమ్ము, పొద్దున మంచు, ఈ మూడూ గొంతుకి శత్రువులు" అని ఉప్పు కలిపిన వేన్నీళ్ళు లోటాడు పోసిచ్చింది. ఆరోగ్య కేంద్రంలో నర్సు నాలుక నొక్కి, టార్చి వేసి, "లోపల ఎరుపేం పెద్దగా లేదే. మరీ ఎక్కువ పాడావా?" అని ఏవో బిళ్ళలు రాసింది. మెడ చుట్టూ ఉన్న తువ్వాలు తియ్యమని అడగలేదు. ఇరుళాయి అందరికీ తలూపింది. చలి కాదు, సోడా కాదు, మంచూ కాదు. ఆ కారణం తెల్లబనీను వేసుకుని ఇంట్లోనే, పీట మీద కూర్చుని, తను చేసిన సంగటే తింటోంది.

ఇరుళాయి ఒప్పారి పాడుతుంది. పోయినవాళ్ళ పేరు పెట్టి, వాళ్ళ మంచీ చెడ్డా తలుచుకుని, చావింటి ముందు షామియానా కింద శోకాలు తీసే పాట. మదురై దగ్గరి ఉసిలంపట్టి చుట్టుపక్కల ఎవరింట్లో పెద్దతలకాయ వాలినా ముందు ఐస్ పెట్టెకి ఫోన్ చేస్తారు, తర్వాత ఇరుళాయి మొగుడు మాయాండికి. మాయాండి మేళం అనే అంటారు. అతను పలక వాయిస్తాడు, ఇంకో ఇద్దరు వంత వాయిస్తారు, ఇరుళాయి పాడుతుంది. జనం ఏడ్చేది ఇరుళాయి పాటకి, దండ పడేది మాయాండి మెడలో. పాడినందుకు తనకి చావింటివాళ్ళు పెట్టే చీర ఒకటి వస్తుంది, దాన్ని కూడా ఒచ్చమ్మ పెట్టెలో పెట్టి తాళం వేస్తుంది.

లారీల యజమాని ఒకాయన పోయినప్పుడు వచ్చింది గొడవంతా. ఆయన పెళ్ళాం ఐస్ పెట్టె పక్కన రాయిలా కూర్చుంది, కంట్లో తడి లేదు. కుడి మోచెయ్యి వంకర తిరిగి ఉంది. ఎప్పుడో విరిగి సరిగా అతకని చెయ్యి. "దోసె మాడిందని రోకలితో కొట్టాడంట" అని ఆడవాళ్ళు చెవులు కొరుక్కుంటున్నారు. పెద్దకొడుకు మాయాండి దగ్గరికొచ్చి, "అమ్మ ఏడవట్లేదు, వచ్చిన జనం తలో మాట అనుకుంటున్నారు. ఎట్టాగో ఏడిపించండయ్యా" అన్నాడు. ఆ పనికే కదా పిలిచింది. ఇరుళాయి మైకు పక్కకి నెట్టి ఆవిడ ముందు కూర్చుని భుజం మీద చెయ్యి వేసింది.

*లారీలేలిన రాజా, లేచి పోతున్నావా,*
*పూలపాడె ఎక్కి పోతున్నావా,*
*మూల నిలబెట్టిన కర్ర మరిచేవు సామీ,*
*నన్నొదిలి పోయినా దాన్ని తీసుకుపో సామీ.*

ఆవిడ ఏడ్చింది. ఎన్నేళ్ళనుంచి ఆపుకుందో, కడుపులోంచి తన్నుకొచ్చినట్టు బావురుమంది. ఆ వంకర చెయ్యి ఎత్తి రొమ్ము మీద కొట్టుకుంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కొందరు ఏడ్చారు, కొందరు ఏడుస్తూనే కొంగు నోట్లో కుక్కుకుని నవ్వారు. పాట విన్న మగవాళ్ళందరూ కుర్చీల్లో కదిలారు. పలక వాయించే ఇద్దరూ పెదవి బిగించి మాయాండి మొహం చూశారు.

ఇంటికొచ్చాక మాయాండి ముందు పలకని జాగ్రత్తగా గుడ్డతో తుడిచి మేకుకి తగిలించాడు. ఆ తర్వాత తలుపేశాడు.

"ఎవరి మీద కట్టావే ఆ కర్ర పాట?"

"పోయినాయన మీద మావా."

"పోయినోడి మీదైతే అందరూ నా మొహం చూశారెందుకే?"

దానికి జవాబు ఇరుళాయికి తెలుసు, మాయాండికీ తెలుసు. ఆమె నోరు తెరిచేలోపు అతను జుట్టు పట్టి గోడకేసి కొట్టాడు. తల దిమ్మెక్కి కింద పడితే రొమ్ముల మీద మోకాలు పెట్టి కూర్చుని, బొటనవేళ్ళు రెండూ గొంతుగుంటలో పెట్టి నొక్కాడు. ఇరుళాయి కాళ్ళు తన్నుకున్నాయి, సత్తు బిందె దొర్లిపోయింది, నీళ్ళు వీపు కిందికి పాకాయి. గోళ్ళతో అతని ముంజేతులు చీరింది. లోపల ఏదో కటుక్కుమన్నట్టు వినిపించింది. పక్కింట్లో టీవీలో ఎవరో నవ్వుతున్నారు, ఆ నవ్వు దూరమైపోతూ ఉంటే, ఇంక తన మీద ఎవరు పాడతారని ఒక్క ఆలోచన వచ్చింది. ఈ చుట్టుపక్కల తను తప్ప పాడేవాళ్ళు లేరు.

అప్పుడు తలుపవతలనుంచి ఒచ్చమ్మ గొంతు వినిపించింది. "గొంతు వదలరా. గొంతు వదిలిపెట్టి ఇంకెక్కడైనా కొట్టు. తిండి పెట్టేది అదేరా వెధవా."

అతను వదిలేశాడు. తల్లి చెప్పినట్టే ఇంకెక్కడైనా కొట్టాడు.

తర్వాత కొన్నాళ్ళకి కొబ్బరి మండీవాళ్ళ ఇంటినుంచి కబురొచ్చింది. పెద్దాయనకి నీళ్ళు కూడా దిగడం లేదు, ఇవాళో రేపో అన్నట్టుంది, ఆయన పోతే ఇరుళాయే పాడాలి, ఇంకెవరూ వద్దు. అంత పెద్ద చావు మాయాండి మేళానికి ఎప్పుడూ తగల్లేదు. ఆ రోజునుంచి ఆ ఇంట్లో ఇద్దరి ఊపిరి లెక్కపెట్టారు, అక్కడ ముసలాయనది, ఇక్కడ ఇరుళాయిది. ఆయన ఇంకొంచెం బతకాలని మాయాండి ఊరి దేవత చెల్లాయి అమ్మన్‌కి కోడిని కూడా మొక్కుకున్నాడు.

అతను పొయ్యి ముందు కూర్చోవడం ఇరుళాయి ఆ ఇంటికొచ్చాక మొదటిసారి చూసింది. బిడ్డ దక్కని కాన్పులో చచ్చి బతికినప్పుడు కూడా గ్లాసెడు వేన్నీళ్ళు కాచివ్వని మనిషి, అడ్డసరం ఆకు, శొంఠి, మిరియాలు, అతిమధురం వేసి కషాయం కాచాడు. తాటి కలకండ కోసం సైకిలేసుకుని సంతకి పోయొచ్చాడు. "తాగవే, అమృతం. నీకోసం ఎంత తిరిగానో తెలుసా?" అన్నాడు. గ్లాసు పట్టుకున్న ముంజేతుల మీద తన గోళ్ళ గీతలు ఎండి పక్కులు కట్టి ఉన్నాయి. ఇరుళాయి వాటినే చూస్తూ తాగింది. వేడి తగ్గనిమ్మని చెయ్యి అడ్డం పెడితే దవడలు నొక్కి పట్టుకుని పోశాడు, వేడిగా ఉంటేనే పనిచేస్తుందని. నాలుక పొక్కిపోయింది. ఏడుపొచ్చింది గానీ ఏడుపుకి కూడా గొంతు కావాలి.

రోజూ పొద్దున్నే పరీక్ష. "ఏదీ, ఆ అను." ఆమె నోరు తెరిచేది, గరగరమని గాలి వచ్చేది. "నాటకాలాడుతున్నావే నువ్వు" అని చెంప మీద ఒకటి వేసి, వెంటనే కలకండ ముక్క చేతిలో పెట్టేవాడు. వీధిలో ఆడవాళ్ళకి కొట్టడం వినపడలేదో, వినపడీ ఊరుకున్నారో గానీ కలకండ మాత్రం కనపడింది. "మందులకి మొగుడే తిరుగుతున్నాడు. అదృష్టవంతురాలివే" అంది పొన్నుత్తాయి. ఆ మాటకి ఇరుళాయికి ఒళ్ళు మండిపోయింది. గొంతు ఉండి ఉంటే పొన్నుత్తాయిని నాలుగు తిట్టేది, పొన్నుత్తాయి తప్పేం లేదని తెలిసినా సరే తిట్టేది.

సాయంత్రం పూట ఒచ్చమ్మ మెడకి పట్టు వేసేది. చింతపండు పులుసులో పసుపూ ఉప్పూ కలిపి, గరిటెలో ఉడకబెట్టి, గోరువెచ్చగా చర్మం మీద పూసి, పైన ఆముదం ఆకు కాచి కట్టేది. గొంతు నొప్పికి పట్టెవరూ వెయ్యరు. అది దెబ్బలకి వేసేది. ఆవిడ ఒక్కనాడూ ఏమైందని అడగలేదు. ఒకరోజు వేలితో పూస్తూ పూస్తూ, ఏదో ధ్యాసలో, "బొటనవేలు ఇక్కడేగా పడింది? వాళ్ళ నాన్నదీ ఇదే చోటు" అంది. అని, చెయ్యి ఆపేసింది. మళ్ళీ పూయడం మొదలుపెట్టింది.

ఒచ్చమ్మ కూడా ఒకప్పుడు పాడేదంట. మదురైనుంచి బండి కట్టుకొచ్చి తీసుకెళ్ళేవాళ్ళంట. ఇప్పుడు ఆవిడ మాట్లాడితే రేకు మీద ఆకురాయి గీసినట్టుంటుంది. పొగాకు నమిలి నమిలి గొంతు పోగొట్టుకుందని ఊరంతా అంటారు, ఆవిడా అదే చెప్పుకుంటుంది. ఇరుళాయి ఆముదం ఆకు కట్టించుకుంటూ ఆ ముడతల మెడ వంక చూసింది. దుంపరాష్ట్రం ఎంత నలగాలో, కషాయం ఎంత మరగాలో, గొంతులో ముల్లు ఎప్పుడు మెత్తబడుతుందో ఈవిడకి ఎలా తెలిసిందో ఇన్నేళ్ళూ తను అనుకోనే లేదు. జాలి పడాలో కోపం తెచ్చుకోవాలో తెలియలేదు. గొంతు వదిలిపెట్టి ఇంకెక్కడైనా కొట్టమన్నది ఈవిడే. తన నడుము మీద ఆ మాట ఇంకా నల్లగా ఉంది.

కొత్తగా కాపురానికొచ్చినప్పుడు బియ్యం కడుగుతూ ఇరుళాయి ఒప్పారి కూనిరాగం తీసింది. ఒచ్చమ్మ పొయ్యి దగ్గరనుంచి లేచొచ్చి అట్లకాడతో మూతి మీద కొట్టింది. పెదవి మీద ఆ గాటు ఇప్పటికీ ఉంది. "ఈ పాట ఇంట్లో పాడతారటే? యముడికి ఇల్లు చూపిస్తున్నావా?" అంది. ఆ తర్వాత పక్కన కూర్చోబెట్టుకుని నేర్పింది కూడా ఆవిడే. పేరు లేకుండా ఒప్పారి ఎత్తకూడదు. ఎత్తిన పాటని పాడేవాళ్ళు ఆపకూడదు, వినేవాళ్ళు ఆపకూడదు, పోలీసువాడొచ్చినా టోపీ తీసి నిలబడాల్సిందే. గడప మీద జుట్టు విప్పుకుని ఆడది పాట ఎత్తిందంటే వీధిలో ఆడవాళ్ళందరూ చేతిలో పని వదిలి వచ్చి చుట్టూ కూర్చోవాలి. "మా పుట్టింటి వైపు ఒకతి కోపంలో మరిది పేరు పెట్టి పాడేసిందే. వాడు గుండ్రాయిలా ఉన్నాడు, ఏ రోగమూ లేదు. అయినా ఆ రోజునుంచి వాడి చేతికి పలక ఎవరూ ఇవ్వలా, పంక్తిలో వాడి పక్కన ఎవరూ కూర్చోలా. పిలిస్తే పలికినవాళ్ళు లేరు. ఆఖరికి ఏదో బస్సెక్కి పోయాడు. పేరు ఒకసారి పాటలోకి పోయిందంటే వెనక్కి రాదు" అని కళ్ళు పెద్దవి చేసి చెప్పింది అప్పట్లో.

గొంతు మేకల దగ్గర తిరిగొచ్చింది. గట్టు మీద అడ్డసరం ఆకు కోస్తుంటే చిన్న మేకపిల్ల బావి వైపు పరిగెత్తింది. "ఒసే, అటు పోకే" అని అరిచింది ఇరుళాయి. అరిచిన తర్వాత తెలిసింది అరిచానని. అక్కడే కూలబడిపోయింది. మళ్ళీ మెల్లగా అంది. మాట వచ్చింది. మునుపటి గొంతు కాదు, అంచున కొంచెం చిరిగి ఉంది, కానీ లోతు పోలేదు. ఆ మేకపిల్లని పట్టుకుని ఒళ్ళో పెట్టుకుని దానికేదో చెప్తూ చాలాసేపు కూర్చుంది. ఇంటికెళ్ళి చెప్తే మాయాండి ఊరంతా చాటుకుంటాడు, నా మందుతో వచ్చిందని. ముసలాయన మీద పాడిస్తాడు. తర్వాత ఇంకో చావు, ఇంకో దండ. ఎప్పుడో ఒకనాడు ఏదో ఒక మాట నచ్చదు, మళ్ళీ ఆ వేళ్ళు ఆ గుంటలోకే వస్తాయి. కాచింది అతను కాబట్టి, పిసికే హక్కూ అతనిదే అన్నట్టు. ఆ రోజునుంచి పొద్దుటి పరీక్షలో ఆమె కావాలనే గాలి వదిలింది. చెంపదెబ్బ తిని కలకండ తీసుకుంది. గొంతు ఒక్కటి తన దగ్గర దాచుకుంది, పెళ్ళయ్యాక దాచుకున్నది ఏదైనా ఉందంటే అదే.

కొబ్బరి మండీ పెద్దాయన ఓ ఉదయాన పోయాడు. ఫోన్ రాగానే మాయాండి తెల్లచొక్కా తొడుక్కున్నాడు, పలకని మంట దగ్గర కాచి బిగించాడు. వీధి మొదట్లో వ్యాను హారన్ మోగింది. వంత వాయించేవాళ్ళిద్దరూ దాంట్లోనే ఉన్నారు. ఇరుళాయి వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏదీ, గొంతు విప్పు" అన్నాడు.

ఆమె రోజూలాగే గరగరమని గాలి వదిలింది.

"అక్కడికెళ్ళి ఊపిరి ఊదుతావా నా పరువు తీయడానికి? వ్యాను ఎక్కకముందే నాకు తెలియాలి. పాడు."

ఒచ్చమ్మ దంచుతున్న రోకలి ఆపింది. "ఒరే, ఇంట్లోనా? ఇంట్లో పాడమంటావేంట్రా?"

"నువ్వు నోర్ముయ్యవే ముసలిదానా" అని తల్లి భుజం పట్టి ఒక్క తోపు తోశాడు. ఒచ్చమ్మ రోటి మీద పడింది. మోచెయ్యి చీరుకుపోయింది. మిరియాలు నేలంతా దొర్లాయి. అతను ఇరుళాయి దగ్గరికొచ్చి మెడ పట్టుకున్నాడు. బొటనవేలు వెతుక్కోకుండానే తన చోటికి వెళ్ళింది. "పాడతావా, ఈ ఊపిరి కూడా తీసేయనా?"

"ఎవరి మీద పాడను మావా?" అంది ఇరుళాయి.

మాట విని అతను చెయ్యి వదిలేశాడు. మొహం వెలిగిపోయింది. "వచ్చిందే. చెప్పానా, నా కషాయం!"

"ఎవరి మీద పాడను? పేరు లేకుండా ఎత్తకూడదు కదా."

బయట హారన్ మళ్ళీ మోగింది. "ఎవడి పేరైతే ఏంటే, ఎవడో ఒకడి పేరు పెట్టి చావు. తొందరగా కానీ."

ఇరుళాయి అతన్ని దాటుకుని వెళ్ళి గడప మీద కూర్చుంది, వీధి వైపు తిరిగి. మెడకి చుట్టిన తువ్వాలు తీసి పక్కన పెట్టింది. ఆముదం ఆకు పీకేసింది. కొప్పు విప్పింది. జుట్టు ఆ వేళ్ళ గుర్తులున్న మెడ మీద పడితే వెనక్కి తోసుకుంది, అందరికీ కనపడేలా. పాట ఎత్తింది.

*మేళాల మాయాండీ, మేలైన నా మావా,*
*మెడ పట్టిన చేతులు చల్లబడెనా మావా,*
*అమృతమని కాచి నా గొంతులో పోసి,*
*ఆ గొంతు నీకేనని ఎరగక పోయావా.*

ఎదురింటి తలుపు తెరుచుకుంది. పొన్నుత్తాయి పిండి చేతులతో పరిగెత్తుకొచ్చింది, "అయ్యో, ఏమైందే, ఎప్పుడు పోయాడే?" అంటూ. టీకొట్టు ముసలమ్మ వచ్చింది. కుళాయి దగ్గర ఆడవాళ్ళు బిందెలు వదిలేసి వచ్చారు, దార్లోనే జుట్లు విప్పుకున్నారు. వ్యానులోంచి దిగిన ఇద్దరూ తలగుడ్డలు తీశారు. అప్పుడు ఇరుళాయి వెనక తెల్లచొక్కాతో మాయాండి నిలబడి ఉండటం చూసి అందరూ ఆగిపోయారు. చూపు ఆమె మెడ మీదికి పోయింది. ఆ నల్లటి మచ్చలకి ఇంక ఎవరూ చలి అని పేరు పెట్టలేకపోయారు.

"ఆపవే" అని మాయాండి కాలెత్తాడు. ఆ కాలు ఇరుళాయి వీపున తగిలింది. ఆమె ముందుకి తూలి, అరచేతులు నేలకి ఆనించి, అదే ఊపులో రెండో చరణం ఎత్తింది. గొంతు చిరిగింది. చిరిగినచోట వంత కావాలి. ఎవరైనా అందుకోకపోతే పాట అక్కడే తెగిపోతుంది. పొన్నుత్తాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది గానీ నోరు తెరవలేదు. బతికున్నవాడి మీద వంత పాడే ధైర్యం ఏ ఆడదానికుంటుంది?

లోపలినుంచి ఒచ్చమ్మ వచ్చింది. మోచేతినుంచి రక్తం కారుతోంది. కొడుకు పక్కనుంచే వచ్చింది గానీ అతని వంక చూడలేదు. గడప మీద ఇరుళాయి పక్కన చతికిలబడి, చిన్న తెల్ల ముడిని విప్పి, కోడలి భుజం మీద చెయ్యి వేసింది.

*నా పాలు తాగిన కొడకా,* అని అందుకుంది, ఆకురాయి గొంతుతో. *మీ నాన్న వెనకే పోయావా కొడకా.*

వీధిలో ఆడవాళ్ళందరూ కూర్చున్నారు. చుట్టూ చేతులు కలిశాయి, పాట పెద్దదైంది.

"అమ్మా, నేనిక్కడే ఉన్నానే. బతికే ఉన్నాను కదే. ఎవరైనా చెప్పండే" అని అరుస్తున్నాడు మాయాండి, అరిచి అరిచి గొంతు బొంగురుపోతున్నా ఒక్కరూ తల తిప్పలేదు.